నోరు తిరగని ప్రశ్న: ఊళ్లో ఆత్మహత్యల నివారణ శిక్షణ ఎలా పెట్టాలి?

మీరు రాసిన దాని సారాంశం ఇది. మీ ఊళ్లో రెండేళ్లలో ముగ్గురు ప్రాణాలు తీసుకున్నారు. ఒక కౌలు రైతు, ఇంటర్‌ ఫెయిలైన ఒక అమ్మాయి, ఒక ఆటో డ్రైవరు. యువజన సంఘం, డ్వాక్రా మహిళలు కలిసి ముప్పై మందికి శిక్షణ ఇప్పించాలనుకుంటున్నారు. డాలస్‌లో ఉన్న మీ ఊరి అబ్బాయి ఖర్చంతా తనదే అంటున్నాడు. అక్కడ తాను నేర్చుకున్న రెండు రోజుల కోర్సునే ఇక్కడా పెట్టిద్దామని, ఓవర్‌డోస్‌కు విరుగుడుగా వాడే నాలోక్సోన్ స్ప్రేలు కూడా పంపుతానని ఉత్సాహపడుతున్నాడు. ఎన్ని రోజులు పెట్టాలి, ఎవరిని పిలవాలి, ఏం నేర్పాలి అని అడిగారు.

సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. అందులో పదకొండేళ్లుగా ఊళ్లలో ఇలాంటి శిక్షణలే ఇస్తున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఒక్క రోజు చాలు. స్లైడ్లు వద్దు. ఆ రోజు సగం సమయం ఒకే ఒక ప్రశ్నను పైకి అడగడం సాధన చేయించండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" మిగతా సగంలో మిగతావన్నీ సరిపోతాయి.

ఇది మొదటి నుంచి నాకు తెలిసిన సంగతి కాదు. తొలి రోజుల్లో నా శిక్షణ అంటే అరవై స్లైడ్లు, నాలుగు గంటలు, చివర్లో ఫొటో, సర్టిఫికెట్. ఒక మండల కేంద్రంలో అలాంటిదే చేసి వచ్చాక మూడు నెలలకు ఒక ఆశా కార్యకర్త ఫోను చేసింది. వాళ్ల వీధిలో ఒకాయన నాలుగు రోజులుగా తేడాగా ఉన్నాడట. చేబదుళ్లు ఒక్కొక్కటే తీర్చేస్తున్నాడట. ఒక సాయంత్రం ఆమె గుమ్మం ముందు ఆగి, "పిల్లలకు ఏదైనా అవసరం వస్తే నువ్వే చూడాలి అక్కా" అన్నాడట. "మీరు చెప్పిన గుర్తులన్నీ కనిపించాయి సార్. నాకు అర్థమైంది కూడా. కానీ అడగడానికి నోరు రాలేదు" అంది. ఆయన మర్నాడే పోయాడు. ఆమె తప్పేమీ లేదు. గుర్తుపట్టడం నేర్పి, అడగడం నేర్పకుండా వదిలేసింది నేను.

నోరు ఎందుకు రాదో మనకు తెలియనిది కాదు. మన ఇళ్లలో చావు మాట ఎత్తితే "శుభమా అని ఆ మాటలేమిటి, పైన తథాస్తు దేవతలుంటారు" అని కసురుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందనే భయం దీనికి తోడు. ఈ భయం చదువుకున్న వాళ్లకూ ఉంది. అడగడం వల్ల ఆలోచన పుట్టదని, పెరగదని చాలా దేశాల అధ్యయనాల్లో తేలింది. నా అనుభవంలో అడిగినప్పుడు ఎక్కువగా కనిపించేది ఊపిరి వదలడమే. అన్నాళ్లూ ఒంటరిగా మోసినదాన్ని ఇంకొకరు పేరు పెట్టి పిలిచారన్న తెరిపి అది.

భాష కూడా మనకు అడ్డే. ఈ విషయంలో తెలుగు దాగుడుమూతలు ఆడుతుంది. "ఏదో చేసుకున్నాడు" అంటాం. "అఘాయిత్యానికి పాల్పడింది" అని పత్రికలో రాస్తాం. ఇక అడిగినప్పుడు "పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అంటాం. ఆ "కదా" ఉంది చూశారూ, అది జవాబును ముందే నోట్లో పెట్టేస్తుంది. ఎదుటి మనిషి "అబ్బే, అలాంటిదేమీ లేదు" అనక ఇంకేమంటాడు? "ఆత్మహత్యా ఆలోచనలు కలుగుతున్నాయా?" అనే పుస్తకాల వాక్యమూ పనికిరాదు, అది ఫారం నింపుతున్నట్టుంటుంది. "ఇంత బరువు మీద పడితే కొంతమందికి చచ్చిపోవాలనిపిస్తుంది. నీకు అలా అనిపిస్తోందా?" అని అడగాలి. ఆ తరువాత నోరు మూసుకుని ఆగాలి. ఆగడం అడగడం కంటే కష్టం.

అందుకే నా శిక్షణలో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతాను. ఒకరు కౌలు రైతు, ఒకరు పొరుగువాడు. పదేసి సార్లు అడిగిస్తాను. మొదటి విడత హాలంతా నవ్వులే. అది సిగ్గుతో వచ్చే నవ్వు కాబట్టి కోప్పడకండి. రెండో విడతకు నవ్వు తగ్గుతుంది. మూడో విడతలో ఎవరో ఒకరు ఏడుస్తారు. ఎందుకంటే ప్రతి ఊళ్లోనూ తమ్ముణ్ణో, బిడ్డనో ఆ ప్రశ్న అడగలేకపోయిన మనిషి ఒకరుంటారు. మీ ఊళ్లో అయితే తప్పకుండా ఉంటారు. వాళ్ల పక్కన కూర్చోవడానికి ఒక మనిషిని ముందే చూసి పెట్టుకోండి.

మీ డాలస్ అబ్బాయి నేర్చుకున్న లాంటి కోర్సుల్లోనూ వెన్నెముక ఇదే. పాల్ క్విన్నెట్ రూపొందించిన క్యూపీఆర్ పద్ధతికి మూడే మెట్లు: అడుగు, ఒప్పించు, అప్పగించు. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి చేసే సీపీఆర్ లాగే సామాన్యులు ఎవరైనా నేర్చుకోవచ్చన్నది దాని ఉద్దేశం. 2000లో ఆస్ట్రేలియాలో మొదలైన మానసిక ప్రథమ చికిత్స శిక్షణ దీనికంటే పెద్దది, కుంగుబాటు, భయాందోళనలు, మత్తు అన్నీ అందులో వస్తాయి. రెండూ మంచివే. అయితే అక్కడి ఉదాహరణలు, అక్కడి సంభాషణలు తర్జుమా చేసి చదివిస్తే మీ డ్వాక్రా అక్కలు మర్యాదకు తలూపి ఇంటికి వెళ్లిపోతారు. ఇంకొక నిజం కూడా దాచకూడదు. ఇలాంటి శిక్షణల వల్ల తెలివిడి, ధైర్యం పెరుగుతాయని బాగానే రుజువైంది. మరణాలు ఎంత తగ్గుతాయన్నదానికి అంత గట్టి రుజువు లేదు. పెరిగిన ధైర్యం కూడా కొన్ని నెలల్లో సన్నగిల్లుతుంది. అందుకని రెండు రోజుల ఖర్చును ఒక రోజుగానూ, ఆపైన మూడు నెలలకొక పూటగానూ విడగొట్టండి.

అడిగితే "అవును" అన్నారనుకోండి. అప్పుడు చేయకూడని వాటి మీద కాసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లు చేసేవి అవే. "పిల్లల మొహం చూసైనా బతకాలి కదా" అనకండి. ఆ మనిషి పిల్లల మొహం చూసే తాను బరువైపోయానని అనుకుంటున్నాడు. "మగాడివై ఉండి" అనకండి. సొంత కష్టాలు ఏకరువు పెట్టకండి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటే ఒట్టు వేయకండి. "నీకు తెలియకుండా ఎవరికీ చెప్పను, కానీ దీన్ని మనిద్దరమే మోయలేం" అనండి. ఎలా అనుకున్నావు, ఎప్పుడు అనుకున్నావు అని అడగండి. దగ్గర సిద్ధం చేసుకున్నది ఏదైనా ఉంటే ముందు అది ఆ ఇంట్లో నుంచి బయటికి పోవాలి. ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. 14416కు ఫోను కలపండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోను సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోను చేతికిచ్చి వెళ్లిపోకుండా స్పీకరులో పెట్టి పక్కనే కూర్చోండి. శిక్షణ రోజున అందరి ఎదుటా ఒకసారి ఆ నంబరుకు ఫోను చేసి, శిక్షణలో ఉన్నామని చెప్పి, ఎలా మాట్లాడతారో రెండు నిమిషాలు వినిపించండి. నంబరు మీద నమ్మకం గోడ మీద పోస్టరుతో రాదు.

జిల్లా ఆసుపత్రిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద పనిచేసే బృందం ఉంటుంది. వైద్యుడు ఏయే రోజుల్లో ఉంటారో ముందే వెళ్లి కనుక్కుని రండి. "ఎర్రగడ్డకు తీసుకుపోతారా?" అనే భయం తెలంగాణలో ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది. ఎక్కువమందికి అంతదూరం వెళ్లాల్సిన పని ఉండదని చెప్పగలగాలంటే దగ్గర్లో ఏముందో మీకు తెలిసి ఉండాలి.

ఇక ఎవరిని పిలవాలి? మీ జాబితాలో ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు, సంఘం లీడర్లు ఉన్నారు. సరే. కానీ ఆశా మీద ఇప్పటికే లేని పని లేదు, ఇది కూడా ఆమె నెత్తినే పెట్టి చేతులు దులుపుకోకండి. ఆర్‌ఎంపీని పిలవండి. నిద్ర పట్టడం లేదని, గుండె దడ అని, ఒళ్లంతా నొప్పులని మనిషి మొదట వెళ్లేది ఆయన దగ్గరికే. క్షురకుణ్ణి, పాస్టరును, పూజారిని, బెల్టు షాపు నడిపేవాణ్ణి కూడా పిలవండి. చివరివాణ్ణి పిలవడానికి మొహమాటపడతారని తెలుసు. కానీ ఎవరు ఎప్పటి నుంచి ఎక్కువ తాగుతున్నారో, తాగి ఏం మాట్లాడుతున్నారో ఊళ్లో మొదట తెలిసేది అతనికే.

అందరికంటే ముందు పిలవాల్సింది ఎరువులు, పురుగుమందుల దుకాణదారుణ్ణి. నేను శిక్షణ ఇచ్చిన వాళ్లలో ఒకాయన చెప్పిన సంగతి రాస్తాను. మాఘమాసం, పత్తి కట్టెలు కూడా పీకేసిన రోజులు. ఒక రైతు వచ్చి ఒక డబ్బా ఇమ్మన్నాడట. ధర అడగలేదు. ఏ పురుగుకు అన్నది చెప్పలేదు. ఎప్పుడూ ఖాతాలో రాయించే మనిషి ఆ రోజు జేబులో నుంచి నోట్లు తీశాడు. దుకాణదారుడి చెయ్యి డబ్బా మీద ఆగింది. "పొలంలో కట్టె పుల్ల కూడా లేదు, దేనికి కొడతావన్నా?" అన్నాడట. రైతు మాట్లాడలేదు. ఆయన డబ్బా వెనక్కి పెట్టి, స్టూలు లాగి కూర్చోబెట్టి, కుర్రాణ్ణి టీకి పంపించి, "చచ్చిపోవాలనిపిస్తోందా అన్నా?" అని అడిగాడు. శిక్షణలో నవ్విన వాళ్లలో ఈయనే అందరికంటే ఎక్కువ నవ్వాడు. టీ వచ్చే లోపల రైతు భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడట. ఆ పూట దుకాణం మూసేసి, తన బండి మీదే ఆయన్ను బావమరిది ఇంటికి తీసుకెళ్లి, రెండో రోజు జిల్లా ఆసుపత్రికి పంపించారు. ఆ రైతు ఇప్పటికీ అక్కడే ఖాతా పెడుతున్నాడు.

ఇంటింటికీ తాళం పెట్టెలు కొనిస్తామని కూడా రాశారు. ఆ డబ్బు అక్కడ పెట్టకండి. శ్రీలంకలో 180 గ్రామాల్లో ఇదే చేసి చూశారు. పురుగుమందులు దాచుకోవడానికి తాళం పెట్టెలిచ్చిన ఊళ్లకూ, ఇవ్వని ఊళ్లకూ తేడా కనబడలేదని 2017లో ఫలితాలు వచ్చాయి. కొన్నాళ్లకు తాళం వేయడం మానేస్తారు, వేసినా తాళంచెవి ఇంట్లోనే ఉంటుంది. అదే శ్రీలంకలో అతి ప్రమాదకరమైన మందులను ప్రభుత్వం ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ పోతే 1995కూ 2015కూ మధ్య ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది. పంట దిగుబడేమీ పడిపోలేదు. మన దగ్గరా 2018 నుంచి కొన్ని మందులను నిషేధిస్తూ వస్తున్నారు. ఊరి స్థాయిలో మీరు చేయగలిగింది వేరు. అవసరానికి మించి కొనిపించకుండా దుకాణదారుతో మాట్లాడడం, మిగిలిన డబ్బాలు ఇంటి అటక మీదికి చేరకుండా చూడడం, ఎవరి ఇంట్లోనైనా అనుమానం ఉన్నప్పుడు ఆ కొన్ని వారాలు అవి వేరే ఇంట్లో ఉండేలా చేయడం. ఎప్పటికీ చేయాలంటే ఎవరూ చేయరు. నెల రోజులంటే చేస్తారు.

నాలోక్సోన్ సంగతికి వద్దాం. అది నల్లమందు జాతి మత్తుపదార్థాలకే విరుగుడు. హెరాయిన్, మార్ఫిన్, ఫెంటనిల్ లాంటివి ఎక్కువై ఊపిరి ఆగిపోతున్నప్పుడు అది మనిషిని వెనక్కి లాగుతుంది. పురుగుమందుకు పనిచేయదు, నిద్రమాత్రలకూ పనిచేయదు. మన దగ్గర మత్తు గొడవ వేరు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి దుకాణాలు మూతపడ్డప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతమంది వణుకుతూ, ఫిట్స్‌తో, వింత చేష్టలతో ఆసుపత్రులకు చేరారో గుర్తుండే ఉంటుంది. ఆ కల్లులో కలిపింది ఆల్ప్రజోలం, డైజపామ్ లాంటి నిద్రమందులు. వాటికి నాలోక్సోన్ ఎన్ని స్ప్రేలు కొట్టినా ఫలితం ఉండదు. పైగా రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేయడమే ప్రమాదం. మందు మాన్పించాలని భార్యలు నాలుగు రోజులు గదిలో పెట్టి తాళం వేసే ఊళ్లు నాకు తెలుసు. ఆ పని డాక్టరు చేతి మీదుగా జరగాలని శిక్షణలో గట్టిగా చెప్పండి.

స్ప్రేలను మీ అబ్బాయి అక్కడే తన తోటి తెలుగు విద్యార్థులకు పంచితే మంచిది. అమెరికాలో 2023 నుంచి అది చీటీ లేకుండానే మందుల దుకాణంలో దొరుకుతోంది. స్నేహితుడిచ్చిన మాత్రలో ఫెంటనిల్ కలిసి ఉంటే తెలిసే దారి లేదు కాబట్టి గదిలో ఒకటి ఉండడం మంచిదే. అక్కడ సాయం కావాలంటే 988కు ఫోను చేయాలని కూడా వాళ్లకు తెలియాలి.

మన ఊళ్లో ఎవరైనా విషం మింగారని తెలిస్తే ఏం చేయాలి? 108కి చేసి "మందు తాగాడు" అనకండి. తెలుగులో మందంటే మాత్ర, మందంటే సారా, మందంటే పురుగుమందు. "పురుగుమందు తాగాడు" అని విడమరచి చెప్పండి. వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పేడనీళ్లు, చింతపండు రసం, ఏదీ నోట్లో పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే అదో ప్రాణాపాయం. స్పృహ లేకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మందు పడ్డ బట్టలు తీసేసి ఒళ్లు కడగండి, మీ చేతులకు ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి. డబ్బా, లేదా మాత్రల అట్ట, వెంట తీసుకెళ్లండి. దాని మీది పేరును బట్టే డాక్టరు చికిత్స మొదలుపెడతారు. "బాగానే మాట్లాడుతున్నాడు, పొద్దున చూద్దాం" అనేది మాత్రం ఒప్పుకోకండి. పైకి బాగున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అక్కడ ఇంటివాళ్లు తడబడేది పోలీసు కేసు భయంతో. "పొరపాటున తాగాడు", "పిచికారీ చేస్తుంటే ఒంట్లోకి పోయింది" అని డాక్టరుకు అబద్ధం చెబుతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు యత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని లొంగదీయడానికి చేసే ఆత్మహత్యాయత్నం ఒక్కటే అందులో నేరం. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా రాసుకుంటారు, కానిస్టేబులు వచ్చి వాంగ్మూలం తీసుకోవచ్చు. అది పద్ధతి, భయపడనక్కర్లేదు. వీలైతే మీ స్టేషన్ ఎస్సైని శిక్షణకు పిలిచి ఈ ముక్క ఆయన నోటే చెప్పించండి. నేను చెబితే సగం మంది నమ్మరు, ఖాకీ చొక్కా చెబితే నమ్ముతారు.

అందరూ మరిచిపోయేది ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక జరగాల్సింది. ఆ తొలి వారాలే అన్నిటికంటే ప్రమాదం, అప్పుడే ఊరంతా ఆ ఇంటికి దూరంగా మసలుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో ఒక అధ్యయనం చేసింది, అందులో మన చెన్నై కూడా ఉంది. ఆత్మహత్యకు యత్నించి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిలో సగానికి మామూలు వైద్యం అందింది. మిగతా సగానికి దానితో పాటు గంటసేపు కూర్చుని మాట్లాడడం, ఆపైన 18 నెలల్లో తొమ్మిది సార్లు పలకరించడం. పలకరింపు లేని వైపు ఆత్మహత్యతో 18 మంది పోయారు, ఉన్న వైపు ఇద్దరు. మందూ కాదు, మిషనూ కాదు, తొమ్మిది పలకరింపులు. ఇది మీ ముప్పై మందీ చేయగల పని. ఎవరు, ఏ వారం వెళ్లాలో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. వెళ్లి "ఎందుకలా చేశావు" అని అడగవద్దు, "అన్నం తిన్నావా, నిద్ర పడుతోందా" అని అడగండి. మధ్యలో ఒకసారి ఆ అసలు ప్రశ్న కూడా మళ్లీ అడగండి.

మీ ఉత్తరంలో అప్పు మాట చాలాసార్లు వచ్చింది. అప్పు నిజమే, ముఖ్యంగా బ్యాంకు గడప తొక్కలేని కౌలు రైతుకు. కానీ జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఏటా మొదట కనిపించేది కుటుంబ సమస్యలు, తరువాత అనారోగ్యం. 2022లో దేశంలో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో, వృత్తుల వారీగా చూస్తే అన్నిటికంటే పెద్ద వర్గం రోజు కూలీలు. రైతు చనిపోయాక సాయం ఇవ్వాలా వద్దా తేల్చడానికి 2004 నుంచీ 421 నంబరు జీవో ఉంది, అధికారుల కమిటీ ఉంది, పంచనామా ఉంది, ఫారాలున్నాయి. బతికుండగా వచ్చి తలుపు తట్టమని ఏ జీవోలోనూ నేను చూడలేదు.

ఇంటర్ ఫలితాల గురించి ఒక్క మాట. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఫలితాలు ఏ రోజన్నది ముందే తెలుస్తుంది కాబట్టి ఆ వారం ఎవరింటికి ఎవరు వెళ్లాలో కూడా ముందే పంచుకోవచ్చు. మీ ఊళ్లో పోయిన అమ్మాయి స్నేహితురాళ్లను మాత్రం ఫలితాల దాకా ఆగకుండా ఇప్పుడే పలకరించండి. శిక్షణలో ఆ అమ్మాయి పేరెత్తి ఉదాహరణగా వాడకండి. వాళ్ల అమ్మ ఆ హాల్లోనే ఉండవచ్చు.

తేదీ నిర్ణయించేటప్పుడు పత్తి ఏరే రోజులు, నాట్ల రోజులు తప్పించండి. ఎరువుల దుకాణదారు రానంటే, బతిమాలకుండా రాత్రి ఎనిమిదింటికి ఆయన షట్టరు దించే వేళకు మీరే వెళ్లి, ఆ స్టూలు మీద కూర్చుని, అరగంటలో ఆయనొక్కడికే నేర్పించి రండి.